‘ఆపరేషన్ చేయించుకుంది’: పశ్చాత్తాపమా, ఆక్షేపణా? – స్త్రీల కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సపై భాషా, సాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు రాష్ట్రాల్లో వివాహిత స్త్రీల జీవితంలో అత్యంత సాధారణమైన శస్త్రచికిత్స కుటుంబ నియంత్రణ ఆపరేషన్. దాని తరువాత కలిగే విచారాన్ని వైద్య, జనాభా శాస్త్రాలు ‘పశ్చాత్తాపం’గా నమోదు చేస్తున్నాయి. ఈ పదం స్త్రీ అనుభవాన్ని సరిగా పట్టుకోలేకపోతోందనీ, నిర్ణయభారాన్ని ఆమెమీదే మోపుతోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆపరేషన్ గురించి స్త్రీలు వాడే క్రియారూపాలను, ప్రభుత్వ పరిభాషను, గొట్టాలను తిరిగి కలిపించుకునే శస్త్రచికిత్స చుట్టూ ఉన్న సామాజిక షరతులను, స్త్రీవాద కవిత్వంలో ఈ అనుభవానికి దక్కిన స్థానాన్ని పరిశీలించి, పశ్చాత్తాపంగా చెలామణి అవుతున్న మాటల్లో చాలాభాగం వినేవారు లేని ఆక్షేపణ అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కుటుంబ నియంత్రణ, ట్యూబెక్టమీ, పశ్చాత్తాపం, రీకెనలైజేషన్, స్త్రీవాద విమర్శ, ప్రేరణార్థక క్రియ, కడుపుకోత.

1. ప్రవేశిక

డిగ్రీ తరగతిలో స్త్రీవాద కవిత్వం పాఠం చెబుతున్న సందర్భంలో కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ కవితల ప్రస్తావన వచ్చింది. పాఠం ముగిశాక, పెళ్లయి ఇద్దరు పిల్లలున్న ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, ఆపరేషన్ మీద కూడా ఇట్లాంటి కవిత ఉందా?” అని అడిగింది. ఏ ఆపరేషనో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. తరగతిలో ఎవరికీ ఆ సందేహం రాలేదు. తెలుగు ఇళ్లలో ఇద్దరు పిల్లల తల్లి విషయంలో ఏ విశేషణమూ లేకుండా ‘ఆపరేషన్’ అన్నప్పుడు దానికి ఒక్కటే అర్థం. గుండెకు, కంటికి, కడుపులో గడ్డకు చేసే శస్త్రచికిత్సలకు విశేషణం అవసరమవుతుంది. దీనికి అవసరం లేదు. ఒక సామాన్య నామం ఒకే శస్త్రచికిత్సకు సంజ్ఞగా స్థిరపడిపోయిందంటే, ఆ అనుభవం ఎంత విస్తృతమో భాషే చెబుతోంది.

గణాంకాలు దీన్ని బలపరుస్తాయి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ఏదో ఒక కుటుంబ నియంత్రణ పద్ధతిని పాటిస్తున్నవారు 71.1 శాతం కాగా, స్త్రీ శస్త్రచికిత్స మీద ఆధారపడినవారే 69.6 శాతం. అంటే మాత్రలు, లూప్, నిరోధ్, పురుషుల శస్త్రచికిత్స అన్నీ కలిపినా రెండు శాతం లేదు. తెలంగాణలో స్త్రీ శస్త్రచికిత్స 61.9 శాతం. జాతీయ సగటు 37.9 శాతం. ఎన్నో పద్ధతులలో ఒకటిగా ఉండవలసినది ఇక్కడ దాదాపు ఏకైక పద్ధతి అయింది. ఒకే దారి ఉన్నచోట ‘ఎంపిక’ అనే మాటకు ఏం అర్థం మిగులుతుంది? ఎంపిక లేనిచోట ఆ తరువాత కలిగే బాధను ‘పశ్చాత్తాపం’ అనవచ్చునా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఆరోజు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇది ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

2. పేర్లు మారిన క్రమం

భారతదేశంలో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఎర్రత్రికోణం గుర్తు, ‘ఇద్దరు ముద్దు’ తరహా నినాదాలు గోడలకెక్కాయి. ఎమర్జెన్సీ కాలంలో 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశవ్యాప్తంగా 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో సుమారు 62 లక్షలు పురుషులకు చేసిన వేసెక్టమీలు. ఆ బలవంతం మీద ప్రజాగ్రహం 1977 ఎన్నికల ఫలితాలకు ఒక ముఖ్యకారణమైంది. ఆ తరువాత రెండు మార్పులు జరిగాయి. కార్యక్రమం పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. శస్త్రచికిత్స భారం పురుషుడి శరీరం నుంచి స్త్రీ శరీరానికి మారింది. మొదటి మార్పు ఉత్తర్వులలో కనిపిస్తుంది. రెండవది గణాంక పట్టికలలో మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పురుషుడి శరీరం మీద జరిగిన బలవంతం రాజకీయ చరిత్రలో భాగమైంది. దాన్ని ఎవరూ పశ్చాత్తాపం అనలేదు. అణచివేత అన్నారు, అత్యాచారం అన్నారు, ప్రజాతీర్పు అన్నారు. స్త్రీ శరీరానికి సంబంధించినంతవరకు అదే బాధకు ఇంటిలోపలి పదాలే మిగిలాయి. ఈ పదజాల భేదమే మన విమర్శకు మొదటి ఆధారం.

ప్రభుత్వ కార్యాలయ భాషలో ఆ స్త్రీకి ఉన్న పేర్లను కూడా చూడాలి. ఆమె ‘లబ్ధిదారు’, ‘కేసు’, ‘లక్ష్యం’. ‘ఈ నెల ఎన్ని కేసులు?’ అన్నది ఆరోగ్య కార్యకర్తలకు చిరపరిచితమైన ప్రశ్న. 1996లో కేంద్రం లక్ష్యాల విధానాన్ని అధికారికంగా రద్దు చేసింది. అయినా అలవాటు పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేయగా పదిమందికి పైగా మరణించారు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పు మూడేళ్లలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పమని ఆదేశించింది. మరణిస్తే కోర్టు దాకా వెళ్లిన విషయం, బతికి బాధపడితే ఎక్కడికి వెళ్తుంది? ప్రభుత్వ పరిహార పథకంలో మరణానికి, శస్త్రచికిత్స విఫలమై గర్భం రావడానికి, ఆరోగ్య సమస్యలకు స్థానం ఉంది. ఆపరేషన్ విజయవంతమైనందువల్ల బాధపడే స్త్రీకి ఆ పట్టికలో గడి లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ శస్త్రచికిత్సకు మరిన్ని ముడులు పడ్డాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటె ఎక్కువమంది పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. బాలికా సంరక్షణ పథకం ఆడపిల్ల పేరిట డబ్బు దాచడానికి తల్లిదండ్రులలో ఒకరు శాశ్వత పద్ధతి పాటించి ఉండాలన్న షరతు పెట్టింది. ‘ఒకరు’ అన్నది పథకం మాట. ఆ ఒకరు ఎవరో సర్వే అంకెలు చెబుతూనే ఉన్నాయి. కూతురి భవిష్యత్తు కోసం తల్లి శరీరం మీద సంతకం తీసుకున్న తీరు ఇది. ఆ తరువాత జననాల రేటు తగ్గింది. ఐదవ సర్వే నాటికి స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8కి చేరింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను తొలగించింది. జనాభా తగ్గిపోతోందన్న ఆందోళన ఇప్పుడు వినిపిస్తోంది. ప్రభుత్వం ఒక సవరణతో తన విధానాన్ని వెనక్కి తీసుకోగలదు. దాన్ని ఎవరూ పశ్చాత్తాపం అనరు, ‘విధాన సమీక్ష’ అంటారు. ఆ విధానం అమలైన శరీరానికి అటువంటి సవరణ సౌకర్యం లేదు.

3. మూడు క్రియారూపాలు

ఆపరేషన్ గురించి మన ఇళ్లలో స్త్రీలు మాట్లాడే వాక్యాలను వింటే ప్రధానంగా మూడు రూపాలు కనిపిస్తాయి.

అ) “ఆపరేషన్ చేయించుకున్నాను.”
ఆ) “నాకు ఆపరేషన్ చేయించారు.”
ఇ) “నాకు ఆపరేషన్ అయిపోయింది.”

మొదటి వాక్యంలో ‘చేయు’ ధాతువుకు ప్రేరణార్థంలో ‘ఇంచు’, దానికి ఆత్మార్థంలో ‘కొను’ చేరాయి. ‘ఇల్లు కట్టించుకున్నాను’, ‘జాకెట్టు కుట్టించుకున్నాను’ వంటి వాక్యాల నిర్మాణం ఇదే. పని చేసినవాడు మేస్త్రీ, దర్జీ. చేయించినవాడు వక్త. ఫలం అనుభవించేవాడూ వక్తే. అంటే ఈ నిర్మాణంలో స్త్రీ ప్రేరకకర్త. వైద్యుడు ఆమె ప్రేరణతో పనిచేసినవాడు. ఫలం ఆమెది. ఇల్లు కట్టించుకున్నవారు ఆ ఇల్లు నచ్చకపోతే ఎవరిని నిందించాలి? తమనే. వాక్యనిర్మాణమే నిందకు దారి వేసి పెట్టింది.

రెండవ వాక్యంలో ప్రేరకకర్త మారింది. “మా అత్తగారు చేయించింది”, “మావాళ్లు చేయించారు”, “కాన్పు కాగానే డాక్టరమ్మ చేసేసింది” అన్న వాక్యాలలో స్త్రీ ‘నాకు’ అన్న విభక్తి రూపంలోకి జరుగుతుంది. బహువచన క్రియ ఉన్నచోట కర్త లోపించడం కూడా సాధారణం. ‘చేయించారు’ అన్నప్పుడు ఎవరు అన్న ప్రశ్నకు ఇల్లు, ఊరు, ఆసుపత్రి, ప్రభుత్వం అన్నీ కలిసిన ఒక అస్పష్ట బహువచనం సమాధానమవుతుంది.

మూడవ వాక్యంలో కర్తృత్వమే లేదు. ‘పెళ్లయిపోయింది’, ‘కాన్పయిపోయింది’ అన్నట్లు ‘ఆపరేషన్ అయిపోయింది’. ఆడపిల్ల జీవితంలో వరుసగా జరిగిపోయే ఘట్టాల జాబితాలో ఇదొకటి. ఈ వరుస ఎంత వేగంగా సాగుతుందో కూడా చూడాలి. ఐదవ సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లలోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. తొందరగా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, రెండవ కాన్పుతోపాటే ఆపరేషన్. ఒక స్త్రీ కళాశాల చదువు పూర్తిచేయవలసిన వయసుకు ఆమె సంతాన జీవితం ముగిసిపోతుంది.

ఒకే స్త్రీ సందర్భాన్నిబట్టి ఈ మూడు రూపాలనూ వాడుతుంది. ఆసుపత్రిలో వివరాలు చెప్పేటప్పుడు మొదటి రూపం. తోడికోడలితో మాట్లాడేటప్పుడు రెండవది. కొత్తగా పరిచయమైనవారు ‘ఇంకా పిల్లలు?’ అన్నప్పుడు మూడవది. అధికారిక పత్రాలు మాత్రం మొదటి రూపాన్నే గుర్తిస్తాయి. అంగీకార పత్రంలో సంతకందారు తన ఇష్టపూర్వకంగా ఈ శస్త్రచికిత్సకు ఒప్పుకుంటున్నట్లు, ఇది ఆచరణలో శాశ్వతమైనదని తనకు తెలిసినట్లు ప్రకటించాలి. భర్త అంగీకారం అవసరం లేదని మార్గదర్శకాలు చెబుతాయి. ఇది స్త్రీ స్వేచ్ఛను గుర్తించే మంచి నిబంధన. కాని ఇంట్లో నిర్ణయం ఎవరిదైనా కాగితంమీద నిర్ణయం ఆమెదే అవుతుంది. ఆ విధంగా రెండవ, మూడవ వాక్యాలలోని అనుభవం మొదటి వాక్యంలోకి అనువాదమవుతుంది. పశ్చాత్తాపం అన్న పదం పుట్టేది ఈ అనువాదం నుంచే.

4. ‘పశ్చాత్తాపం’ అనే పదం బరువు

పశ్చాత్తాపం అంటే తరువాత కలిగే తాపం. వ్యుత్పత్తిలో అపరాధం లేదు. వాడుకలో మాత్రం ఈ పదం ‘తప్పు’, ‘పాపం’, ‘ప్రాయశ్చిత్తం’ అన్న మాటల సాంగత్యంలోనే ఉంటుంది. తప్పు చేసినవారే పశ్చాత్తాపపడాలి. ఈ అర్థంలో పశ్చాత్తాపపడే స్త్రీకి మన సాహిత్యంలో పాత ఉదాహరణ ఉంది. భారతకథలో కుంతి కన్యగా ఉండి కర్ణుణ్ణి కన్నది. ముని ఇచ్చిన మంత్రశక్తి, దేవుడి పట్టుదల, లోకనింద భయం ఆ నిర్ణయాన్ని శాసించాయి. యుద్ధం ముగిశాక ఆమె నోరు విప్పితే, ఆ రహస్యం ఆమె ఒక్కదాని అపరాధమైంది. ధర్మరాజు స్త్రీజాతినే శపించాడు. మునీ, సూర్యుడూ, లోకమూ ఆ సందర్భంలో ప్రశ్నకు రాలేదు. స్త్రీ తన గతనిర్ణయం గురించి బాధను వ్యక్తం చేసినప్పుడు, ఆ బాధ ఆమె మీదికే నేరారోపణగా తిరిగి వస్తుందనడానికి ఇది ప్రాచీన నిదర్శనం.

లోకోక్తి కూడా ఇదే పని చేస్తుంది. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ అంటారు. ఇందులో చేతులు ఆమెవే. నిప్పు ఎవరు రాజేశారన్న ప్రశ్నకు సామెతలో చోటు లేదు.

దీనికి భిన్నంగా స్త్రీలు స్వయంగా వాడే మాట ‘తొందర’. “తొందరపడ్డాను”, “తొందరపడ్డాం”, “తొందరపెట్టారు”. ఒకే నామానికి ‘పడు’, ‘పెట్టు’ అన్న రెండు క్రియలు చేరి బాధ్యతను ముగ్గురి మధ్య పంచుతాయి. ‘తొందరపడ్డాను’లో బాధ్యత ఆమెది. ‘తొందరపడ్డాం’లో దంపతులది. ‘తొందరపెట్టారు’లో ఇతరులది. సర్వే అడిగే ప్రశ్న ‘ఆపరేషన్ చేయించుకున్నందుకు విచారిస్తున్నారా?’ అన్న ఒక్క రూపంలోనే ఉంటుంది. అవును, కాదు అన్న రెండు సమాధానాలకే వీలు. భారతదేశ సర్వేలలో అవునన్నవారు పదిశాతం లోపే. ఈ అంకెను తక్కువ చేసి చూడకూడదు, మితిమీరి నమ్మకూడదు. ఎక్కువమంది స్త్రీలకు ఆ ఆపరేషన్ వల్ల ఊరట కలిగిందన్నది అందులో ఒక నిజం. ఉన్న పిల్లల ముందు ‘ఇంకొకరు కావాలనిపించింది’ అని చెప్పడం ఆ పిల్లలకు ద్రోహంలా తోచడం, మారని విషయం గురించి మాట్లాడి ప్రయోజనం లేదన్న రాజీ కూడా అందులో కలిసి ఉన్నాయి.

వయసు ఈ విషయంలో నిర్ణాయకం. అమెరికాలో వేలమంది స్త్రీలను అనుసరించి 1999లో ఫలితాలు ప్రకటించిన ‘క్రెస్ట్’ అధ్యయనం ప్రకారం, 30 ఏళ్లు లేదా అంతకంటె తక్కువ వయసులో శస్త్రచికిత్స జరిగినవారిలో 14 ఏళ్ల వ్యవధిలో విచారం వ్యక్తం చేసే అవకాశం 20.3 శాతం. 30 దాటాక జరిగినవారిలో అది 5.9 శాతమే. మన ప్రమాణాలు 22 ఏళ్లు నిండిన స్త్రీకి ఈ శస్త్రచికిత్సను అనుమతిస్తాయి. మన స్త్రీలలో ఎక్కువమందికి ఇది ముప్ఫై రాకముందే జరుగుతుంది. కాబట్టి విచారానికి మూలం వ్యక్తిగత చాంచల్యం కాదు. పెళ్లి వయసు, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, తాత్కాలిక పద్ధతుల అలభ్యత కలిసి విచారానికి ముందే రంగం సిద్ధం చేస్తున్నాయి.

5. తిరిగి కలపడం: ఎవరి కోసం?

ట్యూబెక్టమీలో గర్భాశయానికి ఇరువైపులా ఉండే అండవాహికలను మెలిపెట్టి ముడివేసి కత్తిరిస్తారు. లాపరోస్కోపీలో వాహికను మడిచి చిన్న రింగు తొడుగుతారు. ఈ వాహికల కొసలను సూక్ష్మ శస్త్రచికిత్సతో తిరిగి కుట్టి కలపడమే రీకెనలైజేషన్. మిగిలిన వాహిక పొడవు, మొదట వాడిన పద్ధతి, స్త్రీ వయసును బట్టి ఫలితం ఉంటుంది. విద్యుత్‌తో కాల్చినచోట కలపడం కష్టం, రింగు వేసినచోట కొంత తేలిక. కలిపినా గర్భం వాహికలోనే నిలిచే ప్రమాదం పెరుగుతుంది. మొదటి ఆపరేషన్ ఉచితం, ఊరికి దగ్గర, కొద్ది నిమిషాల పని. రెండవది నిపుణులైన శస్త్రవైద్యులు, పెద్ద ఆసుపత్రి, గంటల వ్యవధి కోరుతుంది. ముడి వేయడానికి ఊరూరా ఏర్పాటు ఉంది, విప్పడానికి నగరం వెళ్లాలి. ఈ అసమానతను సాంకేతిక విషయంగా మాత్రమే చూడలేం.

అంతకంటె ముఖ్యమైనది, తిరిగి కలపమని అడిగే హక్కు ఏ సందర్భంలో గుర్తింపు పొందుతోందన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తమిళనాడు తీరంలో ఎందరో తల్లులు పిల్లలందరినీ పోగొట్టుకున్నారు. వారిలో చాలామందికి అప్పటికే ఆపరేషన్ అయివుంది. తమిళనాడు ప్రభుత్వం వారికి ఉచితంగా రీకెనలైజేషన్ ఏర్పాటు చేసింది. ఇది మానవీయమైన చర్య. అదే సమయంలో ఇది ఒక విషయాన్ని బయటపెట్టింది. ‘శాశ్వతం’ అని సంతకం తీసుకున్న రాజ్యం, మృత్యువు బహిరంగమైనప్పుడు ఆ శాశ్వతత్వాన్ని సడలించడానికి ఒప్పుకున్నది. ఆ ఉప్పెన మన తీరాన్నీ తాకింది. కాని ఉప్పెన రాని సంవత్సరాలలో విషజ్వరంతో, చెరువులో పడి, బస్సు ప్రమాదంలో ఒక్కొక్కరుగా పిల్లలను పోగొట్టుకునే తల్లుల విషాదం వార్త కాదు. వారి అభ్యర్థన వ్యక్తిగత వ్యవహారంగా మిగులుతుంది.

ఇక్కడ తెలుగులోని ఒక పదం మరింత లోతుగా ధ్వనిస్తుంది. బిడ్డ పోయిన తల్లి దుఃఖాన్ని మనం ‘కడుపుకోత’ అంటాం. ‘పేగు తెంచుకు పుట్టడం’, ‘కడుపు పండడం’ వలెనే ఇదీ శరీరం నుంచి పుట్టిన నుడికారం. ఆపరేషన్ అయిన తల్లి బిడ్డను పోగొట్టుకున్నప్పుడు రూపకమైన కోత, వాస్తవమైన కోత ఒకే శరీరంలో కలుస్తాయి. ‘గొడ్రాలు’ అన్న క్రూరమైన పదం తెలుగులో ఉంది. కని, పోగొట్టుకుని, మళ్లీ కనే వీలు లేని స్త్రీకి మాత్రం ప్రత్యేకమైన పదం లేదు. ఆమెను లోకం ‘ఆపరేషన్ అయినామె’ అంటుంది. ఆమె స్థితికి పేరు పెట్టవలసివచ్చినప్పుడు భాష ఆసుపత్రి నుంచి అరువు తెచ్చుకుంది.

రీకెనలైజేషన్ కోసం వచ్చే సందర్భాలు సాధారణంగా మూడు: బిడ్డల మరణం, పునర్వివాహం, మగపిల్లవాడి కోసం ఒత్తిడి. మూడింటిలోనూ కోరిక కుటుంబం పేరుతో వ్యక్తమవుతుంది. రెండవ భర్తకు ‘తన’ బిడ్డ కావాలి. ఇద్దరూ ఆడపిల్లలైతే వంశానికి కొడుకు కావాలి. ఆపరేషన్ చేయించినప్పుడు ఎవరి అవసరం ముఖ్యమైందో, దాన్ని వెనక్కి తిప్పేటప్పుడూ చాలాసార్లు వారి అవసరమే ముఖ్యమవుతుంది. స్త్రీ శరీరం మీద ఒక ఆపరేషన్‌ను మరొక ఆపరేషన్ రద్దు చేస్తుంది. రెండింటిలోనూ ఆమె ‘చేయించుకున్నది’గానే నమోదవుతుంది. కనుక తిరిగి కలిపించుకోవడాన్ని స్వేచ్ఛకు పునఃప్రాప్తిగా కీర్తించడం తొందరపాటు. అది స్వేచ్ఛ అయ్యేది, పిల్లల్ని కనాలన్నా వద్దన్నా నిర్ణయం ఆమెదైనప్పుడే.

6. స్త్రీవాద కవిత్వం: మూడవ ఆసుపత్రి మాట

ఇక విద్యార్థిని ప్రశ్న. ‘లేబర్ రూమ్’, ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ శీర్షికలు రెండూ ఆసుపత్రి నుంచి వచ్చిన మాటలు. అప్పటివరకు కవిత్వ యోగ్యత లేదనుకున్న పరిభాషను కవిత్వంలోకి తెచ్చి, ప్రసవాన్నీ గర్భస్రావాన్నీ స్త్రీ స్వరంతో మాట్లాడించడం 1980, 90 దశకాల స్త్రీవాద కవిత్వం సాధించిన విజయం. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘నీలి మేఘాలు’ సంకలనంతో ఆ ధోరణికి ఒక సాధికార రూపం వచ్చింది. ఈ రెండు మాటల సరసన ‘ఆపరేషన్’ అనే మూడవ మాటకు అంతటి ప్రతీకస్థానం దక్కలేదు. సంఖ్యాపరంగా చూస్తే మూడింటిలో తెలుగు స్త్రీల సామాన్యానుభవాలలో ఇది తక్కువదేమీ కాదు. మరి ఎందుకు?

మొదటి కారణం రూపానికి సంబంధించినది. ప్రసవం, గర్భస్రావం ఘటనలు. వాటికి ఆరంభం, తీవ్రత, ముగింపు ఉన్నాయి. భావకవిత్వం నుంచి వచన కవిత్వం వరకు మన గేయాత్మక స్వరం తీవ్రక్షణాన్ని పట్టుకోవడంలో నేర్పు సంపాదించింది. ఆపరేషన్ రోజు అటువంటి క్షణం కాదు. బాలింతరాలి నొప్పులలో అది కలిసిపోతుంది. దాని అర్థం ఐదేళ్లకో, పదేళ్లకో, ఒక మరణం తరువాతో, రెండవ పెళ్లి మాటల సందర్భంలోనో తెలుస్తుంది. ఘటనకూ దుఃఖానికీ మధ్య సంవత్సరాల దూరం. ఆ దూరాన్ని పట్టుకోగలిగేది కథనం: కథ, నవల, ఆత్మకథ. ఈ అనుభవాన్ని కవిత్వంలో మాత్రమే వెతకడం మన పరిశోధన పద్ధతిలోని లోపం కూడా కావచ్చు.

రెండవ కారణం భావజాలానికి సంబంధించినది. స్త్రీవాదం సంతాన నియంత్రణను స్త్రీ విముక్తి సాధనంగా సమర్థించింది. సమర్థించవలసిందే. ఈ స్థితిలో ఆపరేషన్ అయిన స్త్రీ విచారాన్ని మాట్లాడితే, అది మాతృత్వ కీర్తనకో, సంతాన నియంత్రణ వ్యతిరేకతకో ఉపయోగపడుతుందన్న సంకోచం కలగడం సహజం. అబార్షన్ విషయంలో హక్కు, బాధ రెండూ ఒకే కవితలో ఉండగలవని ఆ కవిత్వమే నిరూపించింది. ఆపరేషన్ విషయంలోనూ అది సాధ్యమే.

మూడవ కారణం వర్గ, కుల సంబంధమైనది. శిబిరాలకు తరలినవారు ఎక్కువగా కూలిపనులు చేసే, చదువు తక్కువైన స్త్రీలు. తాత్కాలిక పద్ధతులు, ప్రైవేటు వైద్యుల సలహా, ఎడం పాటించే వెసులుబాటు ఉన్న స్త్రీలకు ఆపరేషన్ అనేక దారులలో ఒకటి. మిగిలినవారికి అదే దారి. రాసే చేయి, కోతపడిన కడుపు ఒకరివే అయిన సందర్భాలు తక్కువగా ఉండడం ఈ మౌనానికి ఒక మూలం. ఈ మూడవ మాటకు కొత్త గొంతులు దళిత, బహుజన, మైనారిటీ స్త్రీల ఆత్మకథన సాహిత్యంలో దొరికే అవకాశం ఎక్కువ. పరిశోధకులు మొదట చూడవలసిన చోటు అది.

7. ఒక అభ్యంతరం

ఈ వాదన ఆపరేషన్ వల్ల ఎందరో స్త్రీలకు కలిగిన మేలును మరుగుపరుస్తుందని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనది. మన ముందుతరం స్త్రీలు ఏడెనిమిది కాన్పులు, కాన్పు మరణాలు, రహస్య గర్భస్రావాలు చూశారు. వారి కూతుళ్లకు ఆపరేషన్ ఆ చక్రాన్ని ఆపిన సాధనం. భర్తకు తెలియకుండా పుట్టింటికి వెళ్లి చేయించుకున్న స్త్రీలకు ‘చేయించుకున్నాను’ అన్న క్రియ అక్షరాలా నిజం. అది వారి ధైర్యానికి గుర్తు. అందువల్లనే ఆ క్రియను నిజంగా చేయించుకున్నవారికి దక్కనివ్వాలి. చేయించబడినవారి నోట దాన్ని పెట్టకూడదు. ఈ వ్యాసం విభేదిస్తున్నది శస్త్రచికిత్సతో కాదు, అన్ని అనుభవాలనూ ఒకే వాక్యంలోకి కుదించే పద్ధతితో.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఆపరేషన్ గురించి స్త్రీలు వాడే మూడు క్రియారూపాలు మూడు భిన్నమైన కర్తృత్వ స్థితులను సూచిస్తున్నాయి. అధికారిక భాష వాటిలో ఒకదాన్నే గుర్తిస్తోంది.

2. ‘పశ్చాత్తాపం’ అపరాధ భావన కలిగిన పదం. ఈ సందర్భానికి స్త్రీలే వాడే ‘తొందరపడ్డాం’, ‘తొందరపెట్టారు’ వంటి రూపాలు బాధ్యతను సరైన పాళ్లలో పంచుతాయి. క్షేత్రపరిశోధన చేసేవారు తమ ప్రశ్నావళిలో ఈ భేదాన్ని పాటించడం అవసరం.

3. రీకెనలైజేషన్ లభ్యత, దానికి లభించే సామాజిక ఆమోదం స్త్రీ కోరికమీద కాక, కుటుంబ అవసరంమీద, విషాదం బహిరంగం కావడంమీద ఆధారపడి ఉన్నాయి.

4. స్త్రీవాద కవిత్వంలో ప్రసవ, గర్భస్రావ అనుభవాలకు దక్కిన ప్రతీకస్థానం ఈ అనుభవానికి దక్కకపోవడానికి రూప, భావజాల, కుల వర్గ కారణాలున్నాయి. కథనసాహిత్యంలో, ఆత్మకథలలో ఈ కోణం నుంచి పరిశోధన జరగాలి.

“ఆపరేషన్ చేయించుకోకుండా ఉండాల్సింది” అన్న వాక్యాన్ని ఇంతకాలం ఒక స్త్రీ తనతో తాను చెప్పుకున్న మాటగా విన్నాం. అది చాలాసార్లు తొందరపెట్టినవారిని ఉద్దేశించిన మాట. వినవలసినవారు ఎదురుగా లేనందువల్ల అది స్వగతంలా వినిపించింది. విద్యార్థిని అడిగిన కవిత కోసం వెతికే పని ఆ స్వగతాన్ని సంభాషణగా చదవడంతో మొదలవుతుంది.